గూడెం సీసాలు

నీలం మందును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, ఆ మందు తప్పేమీ లేదు. దాని పని అది ఎప్పుడూ సరిగ్గానే చేసింది. పని ఎగ్గొట్టింది నేను.

ఎనభైల మొదట్లో ఆదిలాబాద్ జిల్లాలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానలో నాకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, మూలకు నీళ్ళ తొట్టి, వసారా వైపు ఊచల కిటికీ. అంతే. మంగళవారం ఆ ఊళ్ళో అంగడి. అంగడికి వచ్చిన వాళ్ళు పనిలో పనిగా దవాఖానకు కూడా వచ్చిపోతారని, కడుపుతో ఉన్నవాళ్ళకు పరీక్షలు ఆ రోజే పెట్టేవారు.

షుగర్ చూడటం అప్పట్లో ఇప్పటిలా కాదు. టెస్ట్ ట్యూబులో నీలం మందు కొంచెం పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, దీపం మీద మరిగించాలి. రంగు మారకుండా నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉన్నట్టు. పసుపైతే ఎక్కువ, నారింజైతే ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా చివర ఇటుక ఎరుపు. ఆ ఎరుపు పడిందంటే డాక్టరు కూడా కుర్చీలోంచి లేచేవాడు.

మూత్రం పట్టి తేవడానికి ఆడవాళ్ళకు ఖాళీ ఇంజెక్షన్ సీసాలు ఇచ్చేవాళ్ళం. సీసా మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరూ ఊరూ రాయాలి. చేరిన మొదటి మంగళవారమే, నాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచి అక్కడ ఉన్న మా సీనియర్ ఆ సీసాలను రెండు వరుసలుగా పెట్టించాడు. ఊరి సీసాలు దీపం వైపు, గూడెం సీసాలు తొట్టి వైపు.

"గివి గోండోళ్ళయి, కోలాములయి. వీటికి మందు దండగ జెయ్యకు బిడ్డా," అన్నాడు. "జొన్నగటక తాగి, కట్టెలు మోసి, దినాం ఆరేడు మైళ్ళు నడిచేటోళ్ళకు చక్కెర రోగం ఎట్లస్తది? వాళ్ళది గట్టి జాతి. రక్తమే వేరు. నిల్ అని రాసి పారబొయ్యి."

ఆయన చెడ్డవాడు కాదు. గూడెం వాళ్ళను ఏనాడూ కసురుకోలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆయన వాళ్ళను తిట్టి ఉంటే నేను ఎదురు తిరిగేదాన్నేమో. ఆయన పొగిడాడు. గట్టి జాతి అన్నాడు. పొగడ్తలో కూడా మనిషిని చంపే సరుకు ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. పైగా నీలం మందు జిల్లా కేంద్రం నుంచి నెలకు ఒక్క సీసానే వచ్చేది. ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాలి కదా, సరే, ఇక్కడే చేద్దాం అనుకున్నాను. ఎనిమిది చుక్కల పని కూడా తగ్గుతుంది.

రిజిస్టరు రాయడం ఇంకా సుళువు. గూడెం వాళ్ళు ఒక్కరుగా రారు, గుంపుగా వస్తారు. కాబట్టి పేర్లు వరసగా ఉండేవి. మొదటి పేరు ఎదురుగా షుగర్ గళ్ళో 'నిల్' అని రాసి, కింద ఉన్నవాళ్ళందరికీ రెండేసి చిన్న గీతలు పెట్టేదాన్ని. పైదానిలాగే అని ఆ గీతలకు అర్థం. నా చేతిరాత బాగుంటుందని డాక్టరు మెచ్చుకునేవాడు.

నిజానికి మా సీనియర్ నోట ఆ మాట విన్న రోజే నాకు నిప్పు తొక్కినట్టు కావాలి. హుజూరాబాద్ పక్కన మాది సాలోళ్ళ ఇల్లు. మా అవ్వ కాలి వేలికి పుండు పడి నెలల తరబడి మానకపోతే అక్కడి డాక్టరు, "మగ్గం మీద బతికేటోళ్ళకు షుగరెక్కడిదమ్మా, అది కలిగినోళ్ళ రోగం," అని పూతమందు ఇచ్చి పంపాడు. కరీంనగర్‌లో ఆ వేలు తీసేశాక తేలింది, షుగరేనని. ఆ డాక్టరును నేను తిట్టని తిట్టు లేదు. ల్యాబ్ కోర్సులో చేరిందే ఆ కోపంతో. అంత కోపం మూటగట్టుకుని గోదావరి దాటి వచ్చి, అదే మాట ఇంకొకరి గురించి వింటే తలూపాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకిని అని ఏం లాభం, ఆ పుండు మోసిన ఇంటి నుంచి వచ్చిందాన్ని నేను.

చేరిన రెండో ఏడు వానాకాలంలో అనుకుంటాను, కడుపుతో ఉన్న ఒక గోండు ఆమె, తన అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెకు పాతికేళ్ళు ఉంటాయి. మోచేతుల దాకా పచ్చబొట్లు. అత్తకు తెలుగు రాదు, వసారా గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలికి అంగడి తెలుగు వచ్చు, అందులో సగం మరాఠీ. సీసా ఇచ్చేసి అందరిలా చెట్టు కిందికి పోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి నేను చేసే పని చూడటం మొదలుపెట్టింది.

"గా నీలం ఏంది బాయీ?" అని అడిగింది. అక్కడ నర్సును, నాలాంటి దాన్ని అందరినీ బాయి అనే పిలుస్తారు.

"మందు. నీలంగనే ఉంటె మంచిగున్నట్టు. ఎర్రగైతె రోగమున్నట్టు."

ఆమె తలూపింది. ఊరి సీసాలన్నీ మరిగించి, తొట్టి వైపుకు తిరిగి గూడెం సీసాలు ఒక్కొక్కటీ ఒంపేశాను. ఆమె చూస్తూనే ఉంది.

"నాది మరగబెట్టలే," అంది.

"నీకు అక్కెర లేదు. నీది మంచిగనే ఉంది."

"పారబోసినవు కదా. ఎట్ల ఎరుక?"

ఆ మాటలో పోట్లాట ఏమీ లేదు. తెలుసుకోవాలని అడిగింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క ప్రశ్నతో నా చదువు విప్పి చూపిస్తే ఎవరికి నచ్చుతుంది? "పని చేసుకోనిస్తవా లేదా? పో, జరుగు," అని కసిరాను. ఆమె కదిలే ముందు ఇంకో మాట చెప్పింది. "పాణి ఎంత తాగినా దూప పోతలేదు బాయీ." ఎండకు దూప కాకపోతే ఏమవుతుంది అన్నాను. అది వానాకాలమని చెప్పాను కదా.

ఆ తర్వాత ఆమె చాలా రోజులు కనిపించలేదు. నేను వెతకలేదు కూడా.

మరుసటి ఏడాది ఎండలు ముదురుతుండగా నర్సు ట్రైనింగులో ఉన్న ఆడపిల్లలు ఆరుగురిని మా దవాఖానకు పంపారు. షుగర్ పరీక్ష నేర్పించమని డాక్టరు నాకు అప్పజెప్పాడు. నాకు గర్వంగా ఉండింది. నేర్పేటప్పుడు రెండు రంగులూ పక్కపక్కన చూపిస్తే బాగా ఎక్కుతుంది. ఎరుపు కోసం షుగర్ ఉందని ముందే తెలిసిన ఒక షావుకారు కోడలి సీసా తీశాను. నీలం తప్పకుండా రావాలి కదా, అందుకని ఆలోచించకుండా తొట్టి వైపుకు పోయి గూడెం సీసాల్లోంచి చేతికి అందినది ఒకటి తీసుకున్నాను. ఇన్నేళ్ళుగా మేం మరిగించని సీసాను ఆ రోజు మరిగించింది షుగర్ ఉందో లేదో చూద్దామని కాదు. లేదని చూపిద్దామని.

"గిది చూడుండ్రి," అన్నాను పిల్లలతో. "గూడెపోళ్ళది. ఎంత మరగబెట్టినా నీలమే ఉంటది."

నేను ఆ మాట అంటుండగానే ట్యూబు అడుగున పచ్చగా కదిలింది. పట్టకారు తిప్పాను. పచ్చ పసుపైంది. పసుపు మీద ఊపిరి తీసినంత సేపు కూడా నిలవలేదు. మందు చిక్కబడి, మా ఇంటి వెనక కాల్చే ఇటుక రంగుకు వచ్చి ఆగింది.

ఆరుగురూ ట్యూబు మీదికి వంగారు. ట్యూబు దీపానికి తగిలి టక్కుమంది. సీసాలు తారుమారయ్యాయి, అదే నాకు మొదట తట్టిన మాట. ప్లాస్టర్ ముక్క చదివాను. గూడెం పేరే. నా రాతే. షావుకారు కోడలిది మరిగిస్తే అది లేత ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయింది.

"బాయీ, గది నాదేనా?"

తల తిప్పితే కిటికీలో ఆమె. ఊచలు పట్టుకున్న చేతుల మీద అవే పచ్చబొట్లు. ఏడో నెల కడుపు ఊచలకు ఆనుతోంది. ప్లాస్టర్ మీద ఉన్నది ఆమె పేరే. ఎరుపంటే ఏమిటో ఆమెకు నేనే చెప్పాను. నా ఎదురుగా ఆరుగురు పిల్లలు నన్ను పంతులమ్మలా చూస్తున్నారు.

"నీది కాదు. పో," అన్నాను.

ఆ రెండు మాటలు నేను అన్నాను. ఇంకెవరి మీదికీ నెట్టలేను. ఆమె కాసేపు ట్యూబు వైపు, కాసేపు నా వైపు చూసి, అత్త చెయ్యి పట్టుకుని అంగడి వైపు నడిచింది.

పిల్లలను పంపించి మిగిలిన మూత్రంతో మళ్ళీ చేశాను. ఎరుపు. మూడోసారి కొత్త ట్యూబు కడిగి చేశాను. ఎరుపు. డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తలెత్తకుండానే, "ఇప్పసారా తాగొచ్చి ఉంటది. లేకుంటె నువ్వే సీసాలు తారుమారు జేసినవు," అన్నాడు. తారుమారు కాలేదని చెప్పాను. "గోండు మనిషికి షుగరేందమ్మా, ఎవరన్న వింటె నవ్వుతరు," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయన, నాలుగో కాలు చేత్తో పట్టుకుని నేను. కాని ఆ మూడు కాళ్ళ లెక్క నిన్నటిదాకా నాది కూడా. అందుకే గట్టిగా అరవలేకపోయాను.

అంగడిలో వెతికాను. ఉప్పు కుప్పల దగ్గర లేరు, గాజుల దగ్గర లేరు. ఊరి చివర బోరింగు దగ్గర కనిపించారు. అత్త బోరింగు కొడుతోంది, కోడలు దోసిలి పట్టి తాగుతోంది. ఆగకుండా తాగుతోంది. పక్కన బిందెలు పెట్టుకున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. నేను వెళ్ళి నిలబడ్డాక కూడా ఇంకా తాగుతూనే ఉంది.

"అక్కా, అది నీదే," అన్నాను. అంతకు ముందు గూడెం మనిషిని ఎవరినీ నేను అక్కా అనలేదు.

ఆమె మూతి తుడుచుకుంది. ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరుకే," అంది. తర్వాత వేళ్ళు చూపిస్తూ చెప్పింది. మొదటి బిడ్డ గూడెంలోనే పుట్టి చనిపోయింది. పుట్టినప్పుడే ఒళ్ళు పెద్దది, మూడు నెలల పిల్లలా ఉందట. రెండోది పోయిన ఏడు వానాకాలంలో, కడుపులోనే కదలడం మానేసింది. అది కూడా పెద్దదే. అంత బలమైన బిడ్డలు ఎందుకు పోతున్నారో తెలియక దేవరకు మేకను కోశారట.

పోయిన ఏడు వానాకాలం. తల్లికి షుగర్ ఎక్కువైతే కడుపులో బిడ్డ అతిగా పెరిగి చనిపోతుందని నేను కోర్సులో చదివిందే. ఆ బోరింగు గట్టు మీదే కూలబడ్డాను. దూప పోతలేదని ఆమె చెప్పింది నాతోనే కదా.

వెనక్కి తీసుకొచ్చి, డాక్టరు కళ్ళ ముందు కొత్త సీసాలో పట్టించి, ఆయన బల్ల మీదే దీపం పెట్టి మరిగించాను. ఎరుపు పడ్డాక ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత కరీంనగర్ దవాఖానకు చీటీ రాశాడు. వాళ్ళకు అక్కడ దారీ తెలియదు, భాషా రాదు. సెలవు పెట్టి నేను కూడా బస్సెక్కాను. మా సీనియర్ మాత్రం, "ఒక్కదానికి ఉంటె అందరికుంటదా? గంతగనం పరేషానెందుకు?" అన్నాడు.

కరీంనగర్‌లో రక్తం తీసి చూశారు. ఉండాల్సిన దానికి మూడింతలు ఉంది. అక్కడి లేడీ డాక్టరు పనిమంతురాలే, ఆ మాట చెప్పకపోతే పాపం. కాని ఆమె కూడా మొదట మంచం చుట్టూ చిన్న డాక్టర్లను పిలిచి, "ట్రైబల్ కేసు, షుగరట, చూడుండ్రి," అంది. వాళ్ళు వింతగా చూశారు. మా ఆమె పచ్చబొట్లు చూశారు. పక్క మంచం మీద ఒక దొర కోడలు, అదే రోగంతో ఉంది. ఆమెను చూడటానికి ఎవరూ గుమిగూడలేదు. ఆమె కాగితాలు నేను చదివాను. ఆమెకు మూడో నెలలో దొరికింది. ఈమెకు మూడో బిడ్డకు దొరికింది.

ఇద్దరికీ ఏం తినాలో అచ్చువేసిన కాగితం ఒకటే ఇచ్చారు. రెండు ఇడ్లీలు, రెండు పుల్కాలు, ఒక ఆపిల్ పండు. మా ఆమె ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంది, తాయెత్తు అనుకుని. తర్వాత నేను లేడీ డాక్టరు వెంటపడి, జొన్నరొట్టె ఎంత, గటక ఎంత, పప్పు ఎంత అని అడిగి, ఆమెకు దోసిళ్ళలో కొలిచి చెప్పాను. రోజూ సూది వేశారు. దూప తగ్గింది. నాలుగో రోజు పొద్దున, "బాయీ, రాత్రంత పాణికి లేవలే," అని నవ్వింది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆమెను అక్కడే ఉంచుకుని, నెలలు నిండే ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కబురందితే మళ్ళీ బస్సెక్కి వెళ్ళాను. ఆడపిల్ల. కొంచెం బరువెక్కువ. పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోతే గ్లూకోజ్ పట్టారు. బతికింది. ఇంతేనా, ఇంత చిన్న పనా అని నాకు దిమ్మ తిరిగింది. ఏ మహాయుద్ధమో చెయ్యనక్కరలేదు. ఎనిమిది చుక్కలు, ఒక దీపం, తర్వాత రోజుకో సూది. బిడ్డ బతికినందుకు సంతోషపడాల్సింది పోయి, నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బతికిన బిడ్డను చూశాకే పోయిన బిడ్డ లెక్క నాకు అర్థమైంది.

మొదటిసారి కరీంనగర్ నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచే గూడెం సీసాలన్నీ మరిగించాను. మా సీనియర్ గొణిగాడు, మందు నెల మధ్యలోనే అయిపోయింది, జిల్లాకు రాసి మళ్ళీ తెప్పించాను. ఎక్కువ భాగం నీలమే వచ్చేవి. కొన్ని రాలేదు. ఆ కొన్నింటి గురించి ఆలోచిస్తే వెనకటి పేజీలు కళ్ళ ముందు తిరిగేవి.

వానలు మొదలయ్యాక ఒక మంగళవారం వాళ్ళు వచ్చారు. అత్త, కోడలు, కోడలి చంకలో పిల్ల. కిటికీ దగ్గర ఆగిపోతే లోపలికి రమ్మన్నాను. గదంతా కలియజూసింది. దీపం చూసింది, తొట్టి చూసింది. ఆమె కళ్ళు రిజిస్టరు మీద ఆగాయి.

"గా బుక్కుల నేను ఉన్ననా?"

"ఉన్నవు."

"పోయిన యేడు గూడ?"

ఉన్నవన్నాను. చూపించమంది. లేదని చెప్పి పంపించవచ్చు, ఆమెకు చదువు రాదు. ఒకసారి అబద్ధం చెప్పి చూశాను కదా, చాలు అనుకున్నాను. పాత పేజీ తీసి ఆమె పేరు మీద వేలు పెట్టాను. ఆమె నా వేలి పక్కనే తన వేలు పెట్టి, గీతల వెంట నెమ్మదిగా చివరి గడి దాకా జరిపింది.

"గిదేంది, రెండు గీతలు?"

"మీద ఉన్నామెకు ఎట్లనో నీకు గూడ అట్లనే అని."

"నాది చూడకుంటనే పెట్టినవా?"

"చూడకుంటనే పెట్టిన అక్కా."

ఆమె కోపగించుకోలేదు. నన్ను తిట్టినా బాగుండేది. వేలు ఒక్క గడి పైకి జరిపింది. "మీద ఎవలున్నరు?"

ఆ పేరు చదివాను. చదివేటప్పుడు అది నాకు వట్టి పేరే. వందల పేర్లలో ఒకటి, దాని ఎదురుగా కూడా రెండు గీతలే. గోడకు ఆనుకుని నిలబడిన ముసలామెకు తెలుగు రాదు. మేం మాట్లాడుకున్నది ఒక్క ముక్క అర్థమై ఉండదు. పేరు మాత్రం అర్థమైంది. చప్పున తల ఎత్తి, రెండు అడుగులు ముందుకు వచ్చి, రిజిస్టరులోకి వంగి చూసింది.

"మా ఆడబిడ్డ," అంది కోడలు మెల్లగా. "గీ అత్త బిడ్డ. ఆ యేడే కాన్పుల పోయింది. కడుపుల పిల్ల అడ్డం తిరగలే, ఏం గాలే. పెద్దగున్నది, రాలే."

షుగర్ వల్లే పోయిందో, ఇంకేదైనా జరిగిందో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి తొట్టిలో ఒంపేసింది నేనే.

ముసలామె నా మొహంలోకి చూస్తూ గోండిలో ఏదో అడిగింది. గొంతు పెంచలేదు. కోడలు పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"తన బిడ్డది గూడ పారబోసినవా అని అడుగుతున్నది."

"పారబోసిన," అన్నాను.

కోడలు ఆ మాటను గోండిలో అత్తకు చెప్పింది.